మిర్చి గ్రూపులో నా పద్ధతైన తెలుగు

ఆ రోజుల్లో నాకు మనుషుల మొహాలకంటే వాళ్ళు రాసిన తప్పులే ఎక్కువ గుర్తుండేవి. ఎం.ఏ. తెలుగు పాసై, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చుని, చేతికి కొత్త ఫోను వచ్చిన ఏడాది అది. చుట్టాలందరూ ఒకరి వెనక ఒకరు వాట్సాప్‌లోకి వచ్చి చేరుతున్నారు. మా పిన్ని పొద్దున్నే గులాబీ బొమ్మ పెట్టి దాని కింద "శుభొదయం" అని రాసేది. నేను వెంటనే ఒక నక్షత్రం గుర్తు పెట్టి "శుభోదయం" అని దిద్దేదాన్ని. పెదనాన్న కొడుకు తన నిశ్చితార్థం ఫోటోలు పెడితే అందరూ పువ్వులూ హృదయాలూ పంపారు. నేను మాత్రం "నిశ్చితార్థంలో వత్తు మర్చిపోయావన్నయ్యా" అని పంపాను. (పెళ్ళికూతురు ఎలా ఉందో ఆ రోజు ఒక్క మాట అనలేదని వదినకు ఇప్పటికీ మనసులో ఉంది.) ఒకసారి ఎవరో దూరపు బంధువు చనిపోతే, ఆ సంతాపాల వరుసలో కూడా ఒకాయన చేత దీర్ఘం తీయించాను. ఆ సాయంత్రమే నన్ను కుటుంబం గ్రూపులోంచి తీసేశారు. తీసింది మా అమ్మే. అడ్మిన్ ఆవిడ. పక్క గదిలోనే ఉంది, వచ్చి ఒక మాట చెప్పవచ్చు. చెప్పలేదు, తీసేసింది.

"నీకు చేతినిండా పని లేకే ఈ రోగం" అని, మర్నాడు తన అన్నయ్యకు ఫోను చేసింది. మా మామయ్య గుంటూరుకు అవతల నరసరావుపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. చుట్టుపక్కల రైతులు కల్లాల్లో ఎండబెట్టిన మిరపకాయను సంచుల్లో తొక్కించి, ధర వచ్చేదాకా అక్కడ దాచుకుంటారు. ఆ సంచిని టిక్కీ అంటారు. కోల్డ్ స్టోరేజీని మాత్రం ఎవరూ కోల్డ్ స్టోరేజీ అనరు, ఏసీ అంటారు. "మా కాయ ఏసీలో ఉంది" అని రైతు అన్నాడంటే, వాడి ఏడాది కష్టమంతా మా మామయ్య తాళాల గుత్తి వెనకాల చల్లటి చీకట్లో పడుకుని ఉందని అర్థం.

గేటు పక్కన ఆఫీసు గదిలో నాకొక కుర్చీ, కంప్యూటరు ఇచ్చారు. వచ్చిపోయే టిక్కీలను అందులో ఎక్కించాలి. ఆ ఆవరణలోకి కొత్తగా వచ్చిన మనిషి ముందు తుమ్ముతాడు, తరువాత పేరు చెబుతాడు. మొదట్లో నేను పొద్దుటినుంచి సాయంత్రందాకా కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూనే పని చేశాను. సంచులు మోసే ముఠాకు మేస్త్రి ఒకాయన ఉండేవాడు, మంచివాడు. ఆయన చూసి చూసి ఒకరోజు మామయ్య దగ్గరికి వచ్చాడు.

"పాపని ఇంటికి పంపిచ్చేయండి సార్. పొద్దస్తమానం ఏడుస్తానే ఉంది."

"ఏడవట్లేదురా, కాయ ఘాటు" అన్నాడు మామయ్య. "అయినా అది ఏడ్చే రకం కాదు. ఏడిపించే రకం."

మామయ్యది పెద్ద గొంతు. చర్చిలో కీర్తన పాడితే పక్క వీధిలోవాళ్ళు కూడా ఆమెన్ అనాల్సిందే. రైతుల్లో సగంమందిని ఒరేయ్ అనేవాడు, మిగతా సగాన్ని అన్నా అని పిలిచి మరీ తిట్టేవాడు. ఆయన తిట్టకపోతే ఆ రోజు తమకేదో తక్కువ జరిగినట్టు వాళ్ళు కూడా గుమ్మం దగ్గరే నిలబడేవారు. రైతుల కోసం ఆయనొక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పేరు "మన ఏసీ రైతులు". తలుపులు ఎప్పుడు తీస్తారో, ఎవరి సరుకు ఎప్పుడు దించుతారో అన్నీ అందులోనే చెప్పేవాడు. నేను చేరిన రోజున అందులో ఉన్న మెసేజి నాకింకా గుర్తుంది.

"అన్నలు రేపు ఆదివారం చర్చికి పోతా పదకొండు దాక రాకండి....... వచ్చినా మేస్త్రి ఉంటాడు టీ తాగి కూర్చోండి,,, తాలుకాయ తెచ్చి మంచికాయలో కలిపినోళ్లు ఎవరో నాకు తెలుసు సరేనా"

ఒక వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దేవుడికి తెలియాలి. మధ్యలో ఆ చుక్కలేమిటని అడిగాను.

"టీ తెచ్చాడు. తాగా" అన్నాడు మామయ్య.

"టీ తాగితే చుక్కలు పెడతారా?"

"వేలు దాని మీదే ఉండిపోయిందే."

"మరి కామాలు?"

"అయ్యి నేను పెట్టలా. అయ్యే పడ్డాయి."

"ఒక్క చుక్క పెడితే వాక్యం అయిపోతుంది మామయ్యా. ఇన్ని పెడితే చెప్పాల్సింది మర్చిపోయినట్టుంటుంది."

"మర్చిపోయే కదే పెట్టింది! గుర్తొచ్చాక మళ్ళీ రాశా."

ఇలాంటి మనిషితో వ్యాకరణం ఎంతసేపు మాట్లాడగలం? కానీ రైతులకు ఇవేమీ పట్టేవి కావు. ప్రతి ఊళ్ళోనూ టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఆ మెసేజిని మామయ్య గొంతుతో సహా చదివి వినిపించేవారట. నాసిరకం తాలుకాయ సంగతి వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారట. గ్రూపు నిండా బొటనవేళ్ళూ దణ్ణం బొమ్మలూ వచ్చి పడేవి. ఒకాయన ఏ మెసేజికైనా "రేటెంత" అనే జవాబిచ్చేవాడు. క్రిస్మస్ శుభాకాంక్షలు పెట్టినా "రేటెంత" అన్నాడట. అందుకని ఆయన్ను అందరూ రేటెంత బాబాయి అనేవారు. మామయ్య నన్ను కూడా ఆ గ్రూపుకు అడ్మిన్ చేశాడు. (ఆ పదవి అంటే అప్పటికే నాకు కొంత భయమూ చాలా గౌరవమూ ఉన్నాయి.) అయితే ఒక షరతు పెట్టాడు. నేనందులో ఎవరినీ దిద్దకూడదు. ఎలా ఉండగలిగానో నాకే తెలియదు. రాత్రిళ్ళు ఆ గ్రూపు తెరిచి, నోట్లోనే దిద్దుకుని పడుకునేదాన్ని.

వానలు మొదలయ్యే రోజుల్లో మామయ్య కంటికి శుక్లం ఆపరేషను అయింది. డాక్టరు మూడు ఆంక్షలు పెట్టాడు: వంగకూడదు, ఫోను చూడకూడదు, గట్టిగా అరవకూడదు. మొదటి రెండూ మామూలుగా అందరికీ చెప్పేవే. మూడోది మా అత్తయ్య అడిగి చెప్పించుకుందని నా అనుమానం. ఆవిడ ఆయన ఫోనును బీరువాలో పెట్టి తాళం కొంగుకు కట్టుకుంది. మామయ్య అత్తయ్య ఫోనులోంచి నాకు ఫోను చేసి, మెల్లగా, ఎవరో నిద్రపోతున్న గదిలోంచి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఏమే కోడలా, ఏసీ మిషన్లో ఏదో చప్పుడొస్తందంట. రేపు చూడ్డానికి మనుషులొస్తారు. మిషను ఆపుతారు కాబట్టి రేపు తలుపులు తీయకూడదు. ఎల్లుండి రమ్మని గ్రూపులో పెట్టు. అంతే రాయి. విన్నావా? అంతే."

అంతే రాయి అంటే ఎలా? ఎన్నాళ్ళ నుంచో ఆకలి మీద ఉన్నదాన్ని విస్తరి ముందు కూర్చోబెట్టి ఒక్క ముద్దే తిను అన్నట్టుంది. తలుపు వేసుకుని కూర్చున్నాను. రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. నిఘంటువు తీసి చూశాను. (మిషను ఆపుతారని చెప్పడానికి నిఘంటువు అవసరమైన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.) చివరికి పంపింది ఇది:

"గౌరవనీయులైన రైతు సోదర సోదరీమణులకు విజ్ఞప్తి. యంత్ర సామగ్రి పరిశీలన నిమిత్తం, రేపటి దినమున శీతల గిడ్డంగి ద్వారములు తెరువబడవు. సరుకు భద్రత విషయమై, రైతులు ఎటువంటి ఆందోళనకూ గురికావలదని మనవి. అసౌకర్యమునకు చింతిస్తున్నాము. ఇట్లు, యాజమాన్యం."

ప్రతి చుక్కా దాని చోట ఉంది. ప్రతి కామా దాని పని చేస్తోంది. పంపి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, మెచ్చుకోళ్ళ కోసం కూర్చున్నాను. నీలం టిక్కులు పడుతున్నాయి. ఒక్క బొటనవేలు రాలేదు. ఒక్క దణ్ణం రాలేదు. రేటెంత బాబాయి కూడా రేటడగలేదు. ఇంతటి తెలుగు ఒక్కసారిగా చూసేసరికి వాళ్ళకు నోట మాట రాలేదనుకున్నాను. అందులో నిజం లేకపోలేదు.

పొద్దున్నే నేను ఆటో దిగేసరికి గేటు ముందు ట్రాక్టర్లు, ట్రక్కు ఆటోలు రోడ్డు దాకా వరసగా నిలబడి ఉన్నాయి. సన్నగా తుంపర పడుతోంది. తలల మీద తువ్వాళ్ళు వేసుకున్న రైతులు గేటు ఊచలు పట్టుకుని ఉన్నారు. లోపల మేస్త్రి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే అందరూ ఇటు తిరిగారు.

"మా టిక్కీలు మాకిచ్చేయండమ్మా" అన్నాడు రేటెంత బాబాయి.

"ఎందుకు బాబాయ్? ఇవాళ తలుపులు తీసేది లేదని మెసేజి పెట్టాంగా!"

"అది చూసే వచ్చాం." ఫోను నా మొహం మీదికి పెట్టాడు. "శీతల గిడ్డంగి ఏంది? మేం పెట్టింది ఏసీలో. ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదు. ఏసీనే తెలుగులో అలా అంటారు."

"యాజమాన్యం ఎవురు? ఎవురికమ్మారు?"

"ఎవరికీ అమ్మలేదు. అది మర్యాదగా రాసిన తెలుగు బాబాయ్, అంతే."

"మర్యాద ఎందుకు? మేమేం తప్పు చేశాం?"

వెనకనుంచి ఇంకొకాయన అందుకున్నాడు. "ఇంత పద్ధతిగా మా ఇంటికొచ్చింది ఇప్పటిదాకా బ్యాంకోళ్ళ వేలం కాయితమొకటే. దాంట్లో కూడా ఇట్టాగే, చుక్క పెట్టాల్సిన చోటల్లా పెట్టారు." మరొకాయన వాళ్ళ ఊరి సంగతి చెప్పాడు. టీ కొట్టు దగ్గర రోజూ బల్ల మీద కాళ్ళు పెట్టుకుని మెసేజి చదివే కుర్రాడు, నిన్న ఇది చదవడానికి లేచి నిలబడ్డాడట. నిలబడేసరికి మిగతావాళ్ళూ టీ గ్లాసులు కింద పెట్టి లేచారట.

"ఆందోళన పడొద్దని రాసింది నువ్వేనా?" అన్నాడు రేటెంత బాబాయి. "ఆ మాట మాకు ఇంతకుముందు చెప్పింది ఇద్దరు. ఒకడు చిట్టీల వాడు, ఇంకోడు నకిలీ విత్తనాలమ్మినోడు. ఇద్దరూ ఇప్పుడు యాడున్నారో తెలీదు."

అప్పుడు జనాన్ని తోసుకుంటూ కౌలు పెద్దమ్మ ముందుకొచ్చింది. సొంత సెంటు లేకపోయినా, ఊళ్ళో సగం పొలం కౌలుకు చేసే మనిషి. నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, నిజంగా దయతో అడిగింది.

"నాకు చెప్పు తల్లీ. మీ మామ పోయాడా?"

"అయ్యో, లేదు పెద్దమ్మా! కన్ను ఆపరేషను, ఇంట్లో ఉన్నాడు!"

"మా ఆయనప్పుడు కూడా ముందు కన్నే అన్నారు" అని చెంగు నోట్లో పెట్టుకుంది.

ఆ ఏడుపు చూసి వెనకవాళ్ళు తలల మీది తువ్వాళ్ళు తీశారు. నేను గేటు దిమ్మ మీదికి ఎక్కి, మెసేజిని మాట మాటకూ అర్థం చెప్పడం మొదలుపెట్టాను. "నిమిత్తం" అంటే ఏమిటో, "తెరువబడవు" ఎలా ఏర్పడిందో, కామా తరువాత ఎందుకు ఆగాలో చెప్పాను. మధ్యమధ్య తుమ్మాను. మా ప్రొఫెసరు గారు విని ఉంటే సంతోషించేవారు. కానీ నేను ఒక్కొక్క మాటకు అర్థం చెబుతున్నకొద్దీ వాళ్ళ అనుమానం గట్టిపడుతోంది. దాచడానికి ఏమీ లేనివాళ్ళు ఇంత వివరంగా చెప్పరు కదా.

మేస్త్రి నా పక్కకు వచ్చి చెవిలో అన్నాడు. "పాపా, మిషను ఆపేశారు. ఇప్పుడు తలుపు తీశామంటే లోపలి చలంతా పోద్ది. ఈ తుంపర్లో బయటికొచ్చిన కాయ చెమట పట్టి మెత్తబడి నల్లబడిద్ది. లోపలిది కూడా దక్కదు. ఒక్క టిక్కీ బయటికొచ్చిందా, మిగతావాళ్ళను ఆపేవాడు లేడు. సార్ మాట పోద్ది, సార్ ఉద్యోగం పోద్ది."

అప్పటిదాకా నాకు నా తెలుగును అర్థం చేసుకోలేదన్న బాధే ఉంది. ఇప్పుడు దిమ్మ దిగి తలుపు వైపు చూశాను. ఆ తలుపు వెనకాల ఉన్నది వీళ్ళందరి ఏడాది. దాన్ని వీళ్ళ చేతులతో వీళ్ళే పాడు చేసుకోవడానికి ట్రాక్టర్లు కట్టించుకుని వచ్చారు, నేను రాసింది చదివి.

అత్తయ్యకు ఫోను చేశాను. "కంట్లో మందేశాను, లేపను" అంది. బతిమాలాను. చివరికి మామయ్యకు ఇచ్చింది. స్పీకరు పెట్టి ఫోను పైకెత్తాను. అందరూ దగ్గరికి జరిగారు.

"అన్నలూ..." అన్నాడు మామయ్య, ఊలు దుప్పటి కిందనుంచి వచ్చినట్టు. "అంతా బాగానే ఉంది... కంగారు పడకండి... దయచేసి ఇళ్ళకెళ్ళండి..."

రేటెంత బాబాయి వెనక్కి తిరిగి, "విన్నారా? తిట్టలేదు" అన్నాడు.

"దయచేసి అన్నాడు" అన్నారు ఇంకెవరో, భయంగా.

అదే సమయానికి ఫోనులో వెనకనుంచి అత్తయ్య గొంతు, "గట్టిగా అరిచావంటే చెబుతా నీ సంగతి" అని వినిపించింది.

"అదుగో! పక్కన ఎవరో ఉండి బెదిరిస్తన్నారు. పాపం ఆయన చేత చెప్పిస్తన్నారు!"

జనం గేటును ఒక్క తోపు తోశారు. కీలు కిర్రుమంది. నేను స్పీకరు తీసేసి, గోడ పక్కకు పోయి, ఏడుస్తూ మామయ్యకు జరిగిందంతా చెప్పాను. ("ఇప్పుడు నిజంగానే ఏడుస్తా ఉంది" అని మేస్త్రి ఎవరితోనో అనడం వినిపించింది.)

"మామయ్యా, నువ్వే ఏదో ఒకటి పెట్టు. నీ ఫోనులోంచి, నీ చేత్తో."

మామయ్య చాలా అనుమానంగా అడిగాడు. "పెడితే దిద్దుతావా?"

"దిద్దను మామయ్యా. ఒట్టు."

బీరువా తాళం తీసిన చప్పుడు విన్నాను. ఫోను పెట్టేశాను. గేటు దగ్గరికి వచ్చి, "మామయ్యే రాస్తున్నాడు, గ్రూపు చూడండి" అన్నాను. తుంపరలో అందరూ ఫోన్ల మీద అరచేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఫోను లేనివాళ్ళు ఉన్నవాళ్ళ భుజాల మీద గడ్డాలు ఆనించారు. పైన "టైప్ చేస్తున్నారు" అని కనిపిస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ కనిపిస్తోంది. ఒక కంటితో, నల్లద్దాల వెనకనుంచి, ఆ మనిషి ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు. నేను జీవితంలో ఏ రచన కోసమూ అంతగా ఎదురుచూడలేదు. చివరికి వచ్చింది.

"ఒరే అన్నలు నేనే......... కన్ను కోసారు బతికే ఉన్నా,,,, మిషన్ చూస్తారు అంతే రేపు తీస్తా..... ఇప్పుడు కాయ బయటికి లాగితే చెమట పట్టి బూజు వచ్చుద్ది తరవాత నన్ను అంటే ఊరుకోను,,, ఆ మెసేజి మా కోడలు పిల్ల పెట్టింది తెలుగు చదివింది పాపం....... గేటు ఊపుతున్నోడు ఎవడో నాకు తెలుసు సరేనా"

గేటు పట్టుకున్న చేతులన్నీ ఒకేసారి వదిలేశాయి.

రేటెంత బాబాయి దాన్ని పైకి చదివాడు. ఒక్క చోట కూడా తడబడలేదు. ఆగాల్సిన చోట ఆగాడు, అరవాల్సిన చోట అరిచాడు, "పాపం" దగ్గర నా వైపు చూశాడు. అందరూ నవ్వారు. కౌలు పెద్దమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఇదీ మెసేజంటే" అన్నాడొకాయన, వాన తుడుచుకుంటూ. "మడిసి కనపడతన్నాడు."

ట్రాక్టర్లు ఒకటొకటే వెనక్కి తిరిగాయి. రేటెంత బాబాయి కిరాయి బండి ఖాళీగా పోవడమెందుకని, దారిలో ఎరువు కట్టలు వేసుకుని వెళ్ళాడు. వెళ్ళే ముందు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమనుకోమాక. నీ తెలుగు బాగానే ఉంటది, పెళ్ళి కార్డుకి" అన్నాడు. తరువాత గొంతు సవరించుకుని, "ఇంతకీ రేటెంత?" అన్నాడు.

మామయ్య మళ్ళీ ఆఫీసుకు వచ్చినా, కన్ను కుదుటపడటానికి చాలా కాలం పట్టింది. ఆయన ఫోనులోంచే గ్రూపులో రాసే పని నాకు వచ్చింది. "రాయి. కానీ నాలా రాయి" అన్నాడు. సరేనని, కసికొద్దీ ఒకటి రాశాను. ప్రతి మాటలోనూ ఒక వత్తు ఎగ్గొట్టి, వాక్యానికొక గుప్పెడు చుక్కలు చల్లి చూపించాను. ఆయన ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. మొహం మాడిపోయింది.

"నేను మరీ ఇంత చదువులేనోణ్ణా?"

"నువ్వు ఇలాగే కదా రాస్తావు!"

"'బస్తా'లో త వత్తు నేనెప్పుడూ మర్చిపోను. పెట్టు. ఇక్కడ చుక్కలెందుకు? ఇక్కడ టీ ఎవరు తెచ్చారు? 'సరేనా' ముందు ఆగకూడదు, దూసుకుపోవాలి. మళ్ళీ రాయి."

అలా నేను ఆరేడేళ్ళు నేర్చుకున్నదాన్ని ఆ గదిలో కూర్చుని ఒక్కొక్కటిగా వదులుకున్నాను. మామయ్య వెనక నిలబడి దిద్దేవాడు. "ఇది మరీ శుభ్రంగా ఉంది, అనుమానం వచ్చుద్ది" అనేవాడు. కొన్నాళ్ళకు దిద్దడం తగ్గింది. ఇంకొన్నాళ్ళకు చూడటం కూడా మానేశాడు. నేను రాసినవే ఊళ్ళల్లో టీ కొట్ల దగ్గర మామయ్య గొంతుతో చదివేవారు. ఒకసారి రేటెంత బాబాయి ఆఫీసుకొచ్చి, ఫోను తీసి చూపించి, "ఇట్టాంటిది నీవల్ల అవుద్దా? పుట్టుకతో రావాల" అన్నాడు. నేను తల వంచుకుని టిక్కీలు ఎక్కించుకున్నాను. మామయ్య టీ గొంతుకు అడ్డంపడి దగ్గాడు. ఆ తరువాత నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చి ఒంగోలు వెళ్ళిపోయాను. వెళ్ళాక కూడా, గ్రూపులో ఎవరైనా ఏదైనా మాట అన్నప్పుడు ఏం రాయాలో ఆయనకు ఫోనులో చెప్పేదాన్ని. ఆయన "అదే, నేననుకున్నదే" అనేవాడు.

మామయ్య ఈ మధ్యనే పోయాడు. చర్చిలో ఆయన కోసం పెట్టే ఆదరణ కూడికలో పంచే కార్డు మీద ఆయన మాట ఒకటి వేయిస్తే బాగుంటుందని అత్తయ్య అంది. బైబిలు వాక్యాలు వద్దట, ఫోనులో ఆయన రాసేవే, వాటిలో ఒకటి. నేనూ అదే అనుకున్నాను. చనిపోయినవాళ్ళ కార్డు మీద పెద్ద మాటలు వేయడం నాకిప్పుడు నచ్చదు. ఇద్దరం మంచం మీద కూర్చుని "మన ఏసీ రైతులు" తెరిచి వెనక్కి వెనక్కి వెళ్ళాం. ఒక్కొక్క మెసేజి దగ్గరా ఆగి చూశాను. ఏవి ఆయన రాసినవో, ఏవి నేను రాసినవో పోల్చుకోలేకపోతున్నాను. ఎం.ఏ. తెలుగు, ఇన్నేళ్ళ పాఠాలు, ఒక్క మనిషి చేతిరాత పట్టుకోలేకపోయాయి. అత్తయ్యకు మాత్రం ఏ సందేహమూ లేదు. ఒక చోట వేలు ఆపింది.

"అన్నలు మబ్బు పట్టింది కల్లాల్లో కాయ ఉన్నోళ్లు పట్టాలు కప్పుకోండి,,, ఎంత ఆలస్యమైనా బండి తీసుకురండి తిరిగి పోవద్దు....... నేను ఇక్కడే ఉంటా సరేనా"

"ఇది. ఇది ఆయనే. నాకు తెలీదా?" అంది అత్తయ్య. అని, ఆ అక్షరాలను చెయ్యి పెట్టి నిమిరింది. నిమిరేసరికి మెసేజి కిందికి జారిపోయింది, మళ్ళీ పైకి తెచ్చుకుంది.

అన్నిటిలో అదొక్కటీ నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మామయ్య కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మబ్బు చూసి లేపబోయి, లేపకుండా నేనే రాశాను.

"అవునత్తయ్యా, ఆయనే" అన్నాను.

సాయంత్రం ప్రెస్సు నుంచి కార్డు కంపోజు చేసే అమ్మాయి ఫోను చేసింది. చిన్నపిల్ల గొంతు. "మేడం, తప్పుగా అనుకోకండి. మీరు పంపిన దాంట్లో చాలా తప్పులున్నాయి. ఫుల్‌స్టాపులు లేవు. ఉన్నచోట ఏడెనిమిదున్నాయి. కామాలు మూడేసి ఉన్నాయి. అన్నిటికీ ఎర్ర గీతలు పెట్టి ఉంచాను. సరిచేసేస్తాను మేడం, రెండు నిమిషాలు!" ఆ చివరి మాట దగ్గర గొంతులో ఎంత ఆత్రం! విస్తరి ముందు కూర్చుని చెయ్యి కడుక్కున్న మనిషి ఆత్రం.

"ఒక్క చుక్క కూడా ముట్టుకోకమ్మా" అన్నాను.

అవతల ఆ పిల్ల ఎంత బాధపడిందో నాకు వినిపించింది. పాపం, తెలుగు చదివినట్టుంది.